చిల్లు కాదు, చిల్లక్షరం

పిల్లలూ! చిల్లు అనగానే మీకేమి గుర్తుకు వస్తుంది? కుండకు పడిన చిల్లు, గొడుగుకు పడిన చిల్లు, జేబుకు పడిన చిల్లు, అందులోంచి జారిపోయిన రూపాయి బిళ్ళ! అవునా? అయితే మీరెప్పుడైనా కేరళ వెళితే, అక్కడి పిల్లవాణ్ణి ఎవరినైనా "చిల్లు అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. వాడు కిటికీ అద్దంకేసి చూపిస్తాడు. మలయాళంలో చిల్లు అంటే గాజు.

ఆ పేరుతో వాళ్ళ వర్ణమాలలో కొన్ని అక్షరాలు కూడా ఉన్నాయి. వాటిని చిల్లక్షరాలంటారు. ఈ నెల మనం చెప్పుకోబోయేది వాటిలో ఒకదాని కథ. అది నకారపు చిల్లు. ఎన్నో తరాలుగా కాగితం మీద హాయిగా బతికిన ఈ అక్షరం, కంప్యూటరులో తనకంటూ ఒక అంకె సంపాదించుకోవటానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది. దాన్ని గురించి పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఒక్క అక్షరానికి ఇంత గొడవ దేనికంటారా? అదే చెబుతాను, వినండి.

ముందు ఈ అక్షరం చేసే పని ఏమిటో చూద్దాం. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన భాషను అజంత భాష అంటారు. మలయాళం మనకు చుట్టమే గాని, ఆ భాషలో ఎన్నో మాటలు హల్లు దగ్గరే ఆగిపోతాయి. మన పాలు వాళ్ళకు పాల్. మన కడలి వాళ్ళకు కడల్. వాడు అనటానికి వాళ్ళు అవన్ అంటారు. ఆమె అనటానికి అవళ్, వారు అనటానికి అవర్, ఆడ అనటానికి పెణ్ అంటారు.

ఇట్లా ఆగిపోయే హల్లును మనం ఎట్లా రాస్తాం? న పైన పొల్లు పెట్టి న్ అంటాం. మలయాళంలో అట్లా కాదు. ణ, న, ర, ల, ళ అనే అయిదు హల్లులకు, అచ్చు లేకుండా పలికేటప్పుడు రాసుకోవటానికి, వేరే ఆకారాలే ఉన్నాయి. అక్షరం చివరి గీత పైకి లేచి, కాస్త వంపు తిరిగినట్టు కనబడుతుంది. అవే చిల్లక్షరాలు.

అట్లా అని వాళ్ళకు పొల్లు గుర్తు లేకపోలేదు. అక్షరం నెత్తిన నెలవంకలాగా ఒక చిన్న గీత పెడతారు. దాని పేరు చంద్రక్కల, అంటే మన చంద్రకళే! అయితే ఒక తమాషా ఉన్నది. మాట చివర న మీద చంద్రక్కల పెడితే, హల్లు పూర్తిగా ఆగిపోదు. చివర సగం ఉకారం వంటి చిన్న ధ్వని మిగులుతుంది. అవన్ అని చిల్లుతో రాస్తే వాడు అని అర్థం. అదే మాటను చిల్లుకు బదులు చంద్రక్కలతో రాస్తే వాడికి అని అర్థం! వాడు మామిడిపండు ఇచ్చాడా, వాడికి మామిడిపండు ఇచ్చారా? పండు చివరకు ఎవరి చేతిలో ఉన్నదో తేల్చేది ఈ చిన్న అక్షరమే. ఇది తమాషాకు పెట్టుకున్న సొగసు గీత కాదని మీకీపాటికి తెలిసే ఉంటుంది.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. కంప్యూటరుకు అక్షరాలు రావు. దానికి వచ్చినవల్లా అంకెలు. కనక ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇస్తారు. మీ బడిలో హాజరుపట్టీ ఉన్నది గదా! మాష్టారు "పదిహేడు" అనగానే ఆ అంకెగల పిల్లవాడు "ప్రెజెంట్ సార్!" అంటాడు. ఇదీ అంతే. మీరు ఫోనులో అ నొక్కితే, లోపల నమోదయ్యేది 3077 అనే అంకె. క నొక్కితే 3093. న నొక్కితే 3112. ఆ అంకెను చూసి ఫోను తెర మీద బొమ్మ గీస్తుంది.

1963లో అమెరికాలో తయారైన పట్టీలో 128 స్థానాలే ఉండేవి. అవి ఇంగ్లీషు అక్షరాలకూ, అంకెలకూ, కొన్ని గుర్తులకూ సరిపోయాయి. మరి ప్రపంచంలోని మిగతా లిపుల మాటేమిటి? అందుకని 1991లో యూనికోడ్ అనే పెద్ద పట్టీ మొదటి ప్రతి వెలువడింది. ఆ తరువాత అది పెరిగి పెరిగి, ఈనాడు దానిలో 11,14,112 స్థానాలున్నాయి. వాటిలో చాలా భాగం ఇంకా ఖాళీయే.

ఈ పట్టీలో మన తెలుగు వరుస 3072 దగ్గర మొదలై 3199 దగ్గర ముగుస్తుంది. తరువాత వరుస కన్నడానిది. ఆ తరువాతది, అంటే 3328 మొదలు 3455 దాకా, మలయాళానిది. ఇక్కడొక విచిత్రం చూడండి. తెలుగు న 3112. దానికి 256 కలపండి. 3368 వస్తుంది. అదే మలయాళపు న! తెలుగు అ 3077. దానికి 256 కలిపితే వచ్చే 3333 మలయాళపు అ! కారణమేమంటే, అంతకుముందే భారతదేశంలో మన లిపులన్నిటికీ కలిపి ఒకే వరుసక్రమం ఏర్పాటుచేశారు. యూనికోడ్ వాళ్ళు దానినే అనుసరించారు. అక్కచెల్లెళ్ళకు ఒకే కొలతకు గౌన్లు కుట్టించినట్టు, అన్ని లిపులకూ ఒకే అమరిక.

అయితే ఒకే కొలత గౌను అందరికీ ఒకే తీరున అమరుతుందా? అమరదు. చిల్లక్షరం మలయాళానికి ప్రత్యేకం. అందరికీ కలిపి వేసిన వరుసలో దానికి చోటే లేకపోయింది.

మరి చోటులేని అక్షరాన్ని ఎట్లా రాయాలి? ఒక ఉపాయం చేశారు. మూడు అంకెలను పక్కపక్కన పెట్టమన్నారు. మొదటిది 3368, అనగా న. రెండవది 3405, అనగా చంద్రక్కల. మూడవది 8205. ఈ 8205 చాలా వింతవాడు. వాడు కంటికి కనబడడు! తెర మీద వాడికి ఒక్క చుక్కయినా ఉండదు. పక్కవాళ్ళ చెవిలో మటుకు "మీరిద్దరూ చిల్లుగా మారండి" అని చెబుతాడు. అంతే, న మీది చంద్రక్కల మాయమై నకారపు చిల్లు కనబడుతుంది.

ఈ అదృశ్య మానవుడి తమ్ముణ్ణి మీరు తెలుగులో చూసే ఉంటారు. చూడలేదంటారా? సరే, కనబడని వాణ్ణి ఎట్లా చూస్తారు లెండి! కాని వాడు చేసిన పని చూడవచ్చు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్ పక్కన వే విడిగా నిలబడి ఉన్నది. నడుమ 8204 అనే కనబడని గుర్తు ఉండి, ఆ రెంటినీ కలవనీయకుండా ఆపుతున్నది. వాణ్ణి తీసేస్తే ఏమవుతుందో చూడండి: సాఫ్ట్వేర్. వకారం వత్తుగా మారి ముందరి అక్షరంలో చేరిపోయింది. 8204 విడదీసేవాడు, 8205 కలిపేవాడు. ఇద్దరూ అదృశ్యులే.

ఉపాయం బాగానే ఉన్నది గదా, తెర మీద చిల్లు సరిగానే కనబడుతున్నది గదా, ఇంకేమి కావాలి అంటారేమో. చిక్కు ఇక్కడే వచ్చింది.

యూనికోడ్ నియమాల ప్రకారం 8204, 8205 అసలు అక్షరాలే కావు. అవి రూపం దిద్దటానికి పెట్టుకున్న గుర్తులు. కనక రెండు మాటలు ఒకటేనా, వేరువేరా అని పోల్చి చూసేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. చొక్కాలు రెండూ ఒకటేనా అని చూసేటప్పుడు లోపలి కుట్లు ఎవరు లెక్కపెడతారు? తెలుగులో ఇది సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ అని ఎట్లా రాసినా అర్థం మారదు. కాని మలయాళంలో? అవన్ అన్న మాటలోంచి 8205ను తీసేయండి. మిగిలేది న, చంద్రక్కల. అనగా వాడు కాస్తా వాడికి అయిపోయాడు! కనబడనివాడే అర్థాన్ని మోస్తున్నాడు. యంత్రమేమో వాణ్ణి లెక్కచేయనక్కరలేదనుకుంటున్నది.

మలయాళీలు దీనికి ఒక చక్కని ఉదాహరణ చెబుతారు. అది మనకూ తేలికగా అర్థమవుతుంది. వన్ అంటే వాళ్ళ భాషలో పెద్ద. యవనిక అంటే తెర, నాటకశాలలో కట్టేది. రెండూ కలిస్తే పెద్ద తెర. ఇక వన్య అంటే అడవిది. వనిక అంటే తోట. రెండూ కలిస్తే వన్యవనిక, అంటే అడవి తోట. పెద్ద తెరలో న చిల్లుగా విడిగా నిలబడుతుంది, దాని పక్కన య వస్తుంది. అడవి తోటలో న, య కలిసి న్య అవుతాయి. పాత పద్ధతిలో రాస్తే ఈ రెండు మాటలలోనూ ఉండే అంకెలన్నీ ఒకటే! తేడా ఒక్క 8205 మటుకే.

ఇప్పుడు ఊహించుకోండి. ఒక నాటక సమాజంవారు తమకు పెద్ద తెర అని పేరు పెట్టుకుని, ఆ పేరుతోనే ఇంటర్నెట్టులో చిరునామా కావాలన్నారు. మొక్కలమ్మే ఆసామి ఒకడు తన దుకాణానికి అడవి తోట అని పేరు పెట్టి, తనకూ చిరునామా కావాలన్నాడు. ఇంగ్లీషు కాని భాషల చిరునామాలకు 2003లో చేసిన నియమాలలో, 8204, 8205 ఎక్కడ కనిపించినా తీసిపారేయాలని ఉండేది. తీసిపారేస్తే రెండు చిరునామాలూ ఒకటే అయిపోతాయి. నాటకం చూద్దామని బయలుదేరినవాడు పోయి పూలమొక్కల మధ్య తేలతాడు!

ఇట్లాంటి చిక్కులు చూసి కొందరు మలయాళీలు, "చిల్లక్షరాలకు హాజరుపట్టీలో సొంత అంకెలు ఇవ్వవలసిందే. ఇతరుల చేయి పట్టుకుని ఎన్నాళ్ళు వస్తాయి?" అన్నారు.

అయితే మరికొందరు మలయాళీలు, "అట్లా చేయవద్దు" అన్నారు. వాళ్ళేమీ చిల్లక్షరానికి శత్రువులు కారు. వాళ్ళకూ ఆ భాషంటే ప్రాణమే. కంప్యూటరులో మలయాళం రావాలని రాత్రింబగళ్ళు కష్టపడినవాళ్ళు వారిలో ఉన్నారు. వాళ్ళ మాట కూడా విందాం. "చిల్లు అనేది కొత్త అక్షరం కాదు, న కు ఇంకొక రూపం. ఒకే పిల్లవాడికి రెండు అంకెలు ఇస్తారా? పైగా ఇప్పటికే ఎన్నో పుటలు మూడంకెల పద్ధతిలో రాసి ఉన్నాయి. రేపు కొత్త అంకె వస్తే ఒకే మాట లోపల రెండు విధాలుగా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. కాని కొత్త పద్ధతిలో రాసి వెతికితే పాతవి దొరకవు, పాత పద్ధతిలో వెతికితే కొత్తవి దొరకవు." నిజమే గదా!

చిల్లు అంటే ఒక హల్లుకు ఇంకొక రూపమే అని చెప్పటంలోనూ ఒక పేచీ ఉన్నది. ల కు చిల్లుగా వాడే అక్షరం ఉన్నదే, దాని ఆకారం నిజానికి త నుంచి వచ్చింది. మనం ఉత్సవం అనే మాటను మలయాళీలు ఉల్సవం అని పలుకుతారు. మరి ఆ చిల్లు తల్లి ఎవరు? ల నా, త నా? రూపమిచ్చినది ఒకరు, పలుకునిచ్చినది ఇంకొకరు. ఏ ఒక్కరి బిడ్డ అని చెప్పినా రెండవవారికి అన్యాయమే.

వాదన అంత పట్టుగా జరగటానికి ఇంకొక కారణమున్నది. యూనికోడ్‌లో ఒక గట్టి కట్టుబాటు ఉన్నది. ఒక అక్షరానికి ఒకసారి అంకె ఇస్తే, మళ్ళీ దాన్ని తీసివేయరు, మార్చరు, ఇంకొకరికి ఇవ్వరు. అది శిలాశాసనమే. ఎందుకంటే, అంకెలు మారిస్తే నిన్న రాసిన ఉత్తరాలన్నీ ఈనాడు పిచ్చిగీతలైపోతాయి. పలక మీద తప్పు రాస్తే తుడిచి మళ్ళీ రాయవచ్చు. ఇక్కడ తుడవటం లేదు.

చివరకు 2008 ఏప్రిల్‌లో వెలువడిన యూనికోడ్ 5.1 ప్రతిలో చిల్లక్షరాలకు చోటు దొరికింది. ణ చిల్లుకు 3450, న చిల్లుకు 3451, ర చిల్లుకు 3452, ల చిల్లుకు 3453, ళ చిల్లుకు 3454 ఇచ్చారు. వీటితోపాటు పాత రాతలలో కనిపించే క చిల్లుకు 3455 ఇచ్చారు. మలయాళపు వరుసలో అదే ఆఖరి స్థానం. తరువాత 2016లో ఇంకా మూడు పాత చిల్లక్షరాలు వచ్చాయి. అవి మ, య, ఆలప్పుళ అన్న ఊరిపేరు చివర నాలుక మడిచి పలికే ళ వంటి అక్షరం. చివర ఖాళీ లేదు గదా, అందుకని వాటిని నడుమ ఖాళీగా ఉన్న 3412, 3413, 3414 స్థానాలలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు అవన్ అన్న మాటలో చివర ఒకే అంకె, 3451. తీసిపారేయటానికి అక్కడ కనబడనివాడెవడూ లేడు. వాడు వాడే, వాడికి వాడికే. పెద్ద తెర, అడవి తోట విడిపోయాయి. మరొక లాభం కూడా కలిగింది. ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఈ అంకెలు ఒక్కొక్కటి కంప్యూటరులో 3 బైట్ల చోటు తీసుకుంటాయి. పాత చిల్లుకు మూడంకెలకు 9 బైట్లు పట్టేది. కొత్తదానికి 3 చాలు.

అయితే వద్దన్నవాళ్ళు చెప్పినది కూడా జరిగింది. పాత పద్ధతిలో రాసినవి అట్లాగే ఉండిపోయాయి. ఆ మూడంకెలూ ఈ ఒక్క అంకే సమానమని యూనికోడ్ ప్రకటించలేదు. కనక వెతికే యంత్రాలకు "ఇదీ అదీ ఒకటే సుమా!" అని మనుషులు విడిగా నేర్పవలసి వచ్చింది. చూశారా! ఇద్దరి మాటలోనూ నిజమున్నది. ఒక నష్టం తప్పించటానికి ఇంకొక నష్టానికి ఒప్పుకున్నారు. అర్థం మారిపోవటం పెద్ద నష్టం, వెతుకులాట దాని ముందు చిన్నది అని నిర్ణయించారన్నమాట.

ఇదంతా కేరళవారి గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? ఆగండి. పూర్వం తెలుగులోనూ మాట చివరి న్ రాయటానికి ఒక ప్రత్యేకమైన ఆకారం ఉండేది. దానిని నకార పొల్లు అంటారు. ఇప్పుడు మనం న పైన పొల్లు పెట్టి న్ అని రాస్తున్నాము గనక ఆ ఆకారం వాడుకలోంచి పోయింది. కాని పాత గ్రంథాలలో అది ఉన్నది. పాత గ్రంథాన్ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఆ అక్షరానికీ ఒక అంకె కావాలి గదా! 2021లో వెలువడిన యూనికోడ్ 14 ప్రతిలో తెలుగు నకార పొల్లుకు 3165వ స్థానం ఇచ్చారు. అదే సంవత్సరం కన్నడ నకార పొల్లుకూ చోటు దొరికింది. మలయాళపు చిల్లు వచ్చిన పదమూడేళ్ళకు మన చిల్లు వచ్చిందన్నమాట!

మీ తాతగారో, అమ్మమ్మగారో ఏదైనా కథ చెప్పి, "మా అమ్మ చెప్పినది పొల్లు పోకుండా చెప్పాను" అనటం మీరు వినే ఉంటారు. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పుడు బాగా తెలిసింది గదా! ఒక తరం రాసినది ఇంకొక తరానికి పొల్లు పోకుండా చేరాలంటే, ఆ పొల్లుకు కూడా పట్టీలో ఒక చోటుండాలి.

ఇక మీకొక చిన్న పని. తెలుగు మ 3118. ల 3122. పైన చెప్పిన క, న కూడా గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు 3093, 3118, 3122 అనే మూడంకెలు కలిపితే ఏ మాట వస్తుందో చెప్పండి. దానికి నీటితో చుట్టరికం ఉన్నది! తరువాత ఆ మూడింటికీ 256 చొప్పున కలిపి, అదే మాటకు మలయాళపు అంకెలు రాయండి. మలయాళంలోనూ ఆ మాట ఉన్నది. చివరగా, అమ్మనో నాన్ననో అడిగి ఫోనులో సాఫ్ట్‌వేర్ అని రెండు విధాలుగానూ రాసి, అదృశ్య మానవుడు ఎక్కడ నిలబడి ఉన్నాడో కనిపెట్టండి.